తాళం వదలని వేలు

వేగంగా సాగే రిథమ్ గేమ్‌లో ముందు ఓడిపోయేది కన్ను. పాట మొదలవుతుంది, పైనుంచి నల్ల పలకలు జారుతుంటాయి, ఒక్కొక్కటి తెర అడుగు దాటేలోపు వేలితో తాకాలి. పాట ఊపందుకునేదాకా కన్ను ఎలాగో వెంటపడుతుంది. ఆ తర్వాత చూసి, పోల్చుకుని, వేలు దించేసరికే పలక వెళ్లిపోయి ఉంటుంది. విజయవాడ రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే పెద్ద అంబర్‌పేట్ హోరులో, రాత్రి భోజనాలయ్యాక నేను కాసేపు ఆడుకునే ఆట ఇది. పోటీకి కాదు, సరదాకే. పక్కన కూర్చుని చూస్తున్న మా మేనల్లుడు ఓసారి అన్నాడు: “నువ్వు చూసి కొడ్తున్నవ్ మామా. ఇని కొట్టు.”

పిల్లవాడు ఆ మాట ఆట గురించే అన్నాడు. నాకు మాత్రం అది జపమాల పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా వినిపిస్తోంది.

లెక్క వేసి చూడండి. నిమిషానికి 120 దెబ్బల పాట అనుకుందాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. ఆ అర సెకనులో నాలుగు పలకలు పడితే ఒక్కోదానికి దక్కేది సెకనులో ఎనిమిదో వంతు. పలకల వెంట పోయేవాడికి అది ఊపిరి ఆడని పరుగు. దెబ్బను పట్టుకున్నవాడికి అర సెకనుకోసారి తొడ మీద చెయ్యి వేసినంత తీరిక. మన సంగీతం పాఠాలు మొదలయ్యేదే ఇక్కడ. పురందరదాసు ఏర్పరిచారని చెప్పుకునే సరళీ వరుసలను మూడు కాలాల్లో పాడిస్తారు. రెండో కాలంలో స్వరాలు రెట్టింపవుతాయి, మూడో కాలంలో నాలుగింతలవుతాయి. తాళం వేసే చెయ్యి మాత్రం తన నడక మార్చకూడదు. గొంతుతో పాటు చెయ్యి కూడా ఉరికిందంటే గురువు ఆపేసి మళ్లీ ఒకటో కాలం నుంచి ఎత్తుకోమంటారు.

ఒక పాటలో నేను ఎప్పుడూ ఒకేచోట పడిపోయేవాణ్ని. అంతవరకూ దెబ్బకు నాలుగేసి వచ్చే పలకలు అక్కడ హఠాత్తుగా మూడేసి అవుతాయి. వేళ్లు నాలుగుకు అలవాటుపడి ఉంటాయి కదా, చిక్కుపడేవి. “తకధిమి తకధిమి” అని లోపల అనుకుంటూ వచ్చి, ఆ మలుపు దగ్గర “తకిట తకిట” అని మార్చుకున్నాను. వేళ్లు వాటంతటవే సర్దుకున్నాయి. చతురశ్రం నుంచి తిశ్రానికి నడక మారడమంటే ఏమిటో పుస్తకంలో చదివినప్పటికన్నా అప్పుడు నా వేళ్లకు బాగా తెలిసింది. జపాన్‌వాళ్లు 2001లో ‘తైకో నో తత్సుజిన్’ అనే డోలు ఆటను తెచ్చారు. అందులో ఎర్ర గుర్తు వస్తే డోలు మధ్యలో, నీలం గుర్తు వస్తే అంచున కొట్టాలి. మధ్య దెబ్బను ‘దోన్’ అనీ, అంచు దెబ్బను ‘కా’ అనీ నోటితో పలుకుతారు. మృదంగం నేర్చే పిల్లవాడు చెయ్యి ఆడించే ముందు త, ధి, తొం, నం అని పలికినట్టే. చేతికి పని చెప్పేముందు నోటితో నామం అనిపించడం ఆ దేశానికీ మన దేశానికీ కూడా తోచింది.

జపంలో మనసు నిలవడం లేదని చాలామంది అడుగుతుంటారు. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడి ఫిర్యాదూ అదే: గాలిని పట్టలేనట్టే ఈ మనసునూ పట్టలేకపోతున్నానని. కృష్ణుడు కాదనలేదు. నిజమే, కష్టమే, కానీ అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుందన్నాడు. జపంలో కూర్చున్న మనం చేసే పొరపాటు, వచ్చే ఆలోచనలను ఒక్కొక్కటిగా కంటితో తరమడం. బిడ్డ ఫీజు, తమ్ముడితో మాటపట్టింపు, పొద్దున అందుకోవాల్సిన బస్సు. అవి సెకనులో ఎనిమిదో వంతుకు ఒకటి చొప్పున వస్తూనే ఉంటాయి. వాటిని వదిలి, నామం నడిచే నడకను పట్టుకోవాలి. రామ అనే రెండక్షరాలకు, లోపలికీ బయటికీ పోయే ఊపిరికీ ఒక తాళం ఉంది. ఆలోచనలు ఎంత ఉరికినా ఆ తాళం ఉరకనక్కర్లేదు.

వైరాగ్యం మాట వినగానే మనకు అడవులు, కాషాయం గుర్తొస్తాయి. ఆటలో దాని అవసరం ఇంకా దగ్గర్లో ఉంటుంది. ఒక పలక తప్పిపోతుంది. అయ్యో అనుకున్నంతసేపట్లో మరో నాలుగు పోతాయి. మొదటిది వేలు చేసిన తప్పు, మిగతావి బాధ వల్ల పోయినవి. తప్పిన పలకను అక్కడే వదిలి తర్వాతి దెబ్బ మీద వాలగలిగితే వైరాగ్యం ఆ క్షణానికి సరిపడా ఉన్నట్టే.

ఇంకో సంగతి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడితే శబ్దం చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. సెకనులో పదో వంతు తేడా చాలు, ఎంత శ్రద్ధగా కొట్టినా అన్నీ తప్పులే పడతాయి. అందుకే చాలా రిథమ్ గేమ్‌లలో సెట్టింగుల్లో ఒక సర్దుబాటు ఉంటుంది. టిక్ టిక్ శబ్దానికి తగ్గట్టు తాకుతూ పోతే, తేడా ఎంత ఉందో ఫోనే చెప్పి సరిచేస్తుంది. మా వైపు డప్పు కళాకారులు దరువు ఎత్తుకునే ముందు గడ్డి మంట వేసి, డప్పును సెగకు తిప్పుతూ, మధ్యమధ్య పుల్లతో తట్టి చూస్తారు. చర్మం బిగిసి కంగుమనేదాకా ఎంతమంది ఎదురుచూస్తున్నా మొదలుపెట్టరు. పూజలో కూర్చునే ముందు ఆచమనం, ప్రాణాయామం పెట్టిన పెద్దలు కూడా ఈ సర్దుబాటు కోసమే పెట్టారని నా నమ్మకం. వాటిని హడావిడిగా కానిచ్చేసి మంత్రం పట్టడం లేదని బాధపడడం న్యాయం కాదు.

ఫోన్‌లో ఉచితంగా దొరికే చాలా ఆటల్లో ఒక్క తప్పుకే పాట ఆగిపోతుంది. ముందుకు పోవాలంటే ప్రకటన చూడాలి. పిల్లల్ని గంటలకొద్దీ కట్టిపడేసేది ఆ పద్ధతే, నాకది నచ్చదు. కానీ 2018లో వచ్చిన ‘బీట్ సేబర్’లోనూ, 2007 నుంచి కంప్యూటర్లలో ఆడుతున్న ‘ఓసు’లోనూ ‘నో ఫెయిల్’ అని ఒక వెసులుబాటు ఉంది. అది పెట్టుకుంటే ఎన్ని తప్పులు చేసినా పాట చివరిదాకా సాగుతుంది. స్కోరు తగ్గుతుంది, అంతే. పట్టుదలగా ఆడేవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. సరదాగా ఆడేవాళ్లు ముందు దాన్నే ఎంచుకోవాలని నేను చెబుతాను. పాట మొత్తం విన్నవాడికే దాని తాళం ఒంటబడుతుంది.

మన అఖండ భజనల్లో జరిగేది ఇదే. ఏకాహమంటే ఒక పగలూ రాత్రీ, సప్తాహమంటే ఏడు రోజులు నామం ఆగకూడదు. అంతసేపు ఏ ఒక్కరూ తప్పు లేకుండా పాడలేరు. నిద్ర ముంచుకొస్తుంది, గొంతు పోతుంది, దెబ్బ జారుతుంది. పక్కవాడి తాళం ఉంటుంది కాబట్టి జారినవాడు రెండు దెబ్బల్లో మళ్లీ కలుస్తాడు. తెల్లవారుజామున తాళాలు చేతులు మారేటప్పుడు గమనించండి. కొత్తగా వచ్చినతను రాగానే తాళాలు అందుకోడు. కూర్చుని, తాళం ఒక ఆవర్తం తొడ మీద వేసుకుంటాడు. కలిశాననిపించాక చేతులు చాపుతాడు. ఇచ్చేవాడు దెబ్బ కొట్టిన చేతుల్ని అలాగే ముందుకు జరుపుతాడు, తర్వాతి దెబ్బ కొత్త చేతుల్లో పడుతుంది.

రిథమ్ గేమ్ ఆడే పిల్లలున్న ఇళ్లవాళ్లను ఒకటి కోరతాను. ఈ శనివారం వాళ్లను దగ్గర్లోని ఆంజనేయస్వామి గుడిలో భజనకు తీసుకెళ్లి చిడతలు చేతికివ్వండి. రెండో పాటకల్లా కలిసిపోతారు, చెవి ఇప్పటికే తయారై ఉంది. ఎత్తుగడ దగ్గర మాత్రం తడబడతారు. మన సంగీతంలో పాట తాళంతో సమంగానే మొదలు కానక్కర్లేదు. దెబ్బ పడ్డాక కొంత ఆగి ఎత్తుకునే పాటలున్నాయి, దాన్ని అనాగత గ్రహమంటారు. దెబ్బకు ముందే ఎత్తుకుంటే అతీతం. గేమ్ అయితే వీటిని ఆలస్యమనో తొందరనో లెక్కగట్టేది. భజనలో హార్మోనియం దగ్గరి పెద్దమనిషి పిల్లవాడి వైపు చూసి, దెబ్బ పోనిచ్చి, “ఇగో, ఇప్పుడు” అని తల ఊపుతాడు.