పక్కింటి గిన్నె

కోత పండుగ దగ్గర పడితే మన సంఘాల్లో రూతు కథ ప్రసంగానికి వస్తుంది. వేరుశెనగ మూటలు, రాగులు, గుమ్మడికాయలు, చింతపండు, కాళ్ళు కట్టిన కోడిపుంజు అన్నీ బలిపీఠం ముందుకు చేరతాయి. ఆరాధన ముగిశాక వేలం పాడతారు. రూతు మోయాబు దేశపు పడుచు అని ఆ రోజు పసిపిల్లలు కూడా చెప్పగలరు. ఇంకో ఆదివారం అదే వేదిక మీద, అదే మైకులో 'మనం మోయాబీయుల మధ్య బతుకుతున్నాం, జాగ్రత్త' అని వినిపిస్తుంది. ఆ మాట వీధి చివరిదాకా పోతుంది. విన్న పొరుగింటాయనకు మోయాబు ఎక్కడుందో తెలియకపోవచ్చు గానీ, తననే అంటున్నారని మాత్రం తెలిసిపోతుంది.

అసలు మోయాబు మీద దేవుని వాక్యం మోపిన నేరమేమిటి? మోయాబీయులు ఇశ్రాయేలుకు పరాయివాళ్ళు కారు. అబ్రాహాము తోడబుట్టినవాడి కొడుకు లోతు, ఆ లోతు సంతానమే వాళ్ళు. దాయాదులు. వాళ్ళ జోలికి పోవద్దు, ఆ భూమి లోతు పిల్లలకు నేనిచ్చిందే అని దేవుడే మోషేతో చెప్పాడు. అలాంటివాళ్ళను పదో తరం దాకా సమాజంలో చేరనివ్వకూడదని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం కట్టడి చేసింది. వాళ్ళు కెమోషు అనే దేవుడి భక్తులు కాబట్టి, విగ్రహాలకు మొక్కారు కాబట్టి అయ్యుంటుందని మనం అనుకుంటాం. అక్కడ విగ్రహం ఊసే లేదు. రెండు కారణాలు రాసి ఉన్నాయి: ఐగుప్తు నుంచి నడిచి వస్తున్న జనానికి వాళ్ళు అన్నం నీళ్ళతో ఎదురు రాలేదు. పైగా కూలి ఇచ్చి, శపించడానికి బిలామును పిలిపించారు.

దారినపోయే దాయాదికి గుక్కెడు నీళ్ళు ఇవ్వలేదన్నది ధర్మశాస్త్రంలో పది తరాల నేరంగా నిలిచిపోయింది. నీళ్ళ విలువ తెలిసిన అనంతపురం ప్రాంతపు మనుషులకు ఈ వచనం విడమరచి చెప్పనక్కర్లేదు.

అలాగని కెమోషు సంగతి తేలిక చేయడం లేదు. మోయాబు రాజు మేషా యుద్ధంలో ఓడిపోయే స్థితికి వచ్చినప్పుడు, తన తర్వాత రాజు కావలసిన పెద్దకొడుకును ప్రాకారం మీదే దహనబలిగా అర్పించాడు. ఆ మేషా చెక్కించిన నల్లరాతి శాసనం 1868లో యోర్దానుకు తూర్పున, పాత దీబోను ఊరి దగ్గర బయటపడింది. ముక్కలైన ఆ రాయిని అతికించి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంచారు. కెమోషు తన దేశం మీద కోపగించాడనీ, అందుకే ఇశ్రాయేలు రాజు ఒమ్రీ తమను అణచగలిగాడనీ మేషా అందులో రాయించాడు. నెబో ఊరిని పట్టుకుని, యెహోవా ఆలయ వస్తువులను ఈడ్చుకొచ్చి కెమోషు ముందు పెట్టానని గొప్ప చెప్పుకున్నాడు. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. దేవుడి కోపం, ఓటమి, విడుదల అన్నీ మన రాజుల గ్రంథం ధోరణిలోనే ఉంటాయి. ఇంత దగ్గరి పోలిక ఉండబట్టే కెమోషు కొలువు అంత సులువుగా ఇశ్రాయేలువాళ్ళను లాక్కుంది. యెరూషలేముకు ఎదురుగా ఉన్న కొండ మీద కెమోషుకు బలిపీఠం కట్టించింది మోయాబు రాజు కాదు, ఆలయం కట్టిన సొలొమోనే. యోషీయా రాజు వచ్చి దాన్ని తీసేసేదాకా మూడు వందల ఏళ్ళకు పైగా అది అక్కడే ఉంది.

షిత్తీములో ఏం జరిగిందో మీకు తెలుసు. బిలాము నోటి శాపం పని చేయలేదు గానీ బయల్పెయోరు విందు పని చేసింది. మోయాబువాళ్ళు పిలిచారు, ఇశ్రాయేలువాళ్ళు వెళ్ళారు, తిన్నారు, మొక్కారు. తెగులులో 24,000 మంది పోయారు. పొరుగువారి విందు అంటే మన పెద్దలు జంకడానికి మూలం ఇక్కడ ఉంది. ఆ భయాన్ని నేను వెక్కిరించను. ఆరాధన ఒక్క దేవునికే, అందులో బేరం లేదు.

కానీ ఆ భయం పేరు చెప్పి మన ఇళ్ళలో ముదిరిన ఒక అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు. ఉగాదికి పక్కింటి ఆమె ఓళిగలు తెచ్చిస్తుంది. రంజాన్‌కు ఎదురింటివాళ్ళు షీర్ ఖుర్మా పంపుతారు. నవ్వుతూ అందుకుంటాం. తలుపు మూసి, గిన్నెలో ఉన్నది చెత్తబుట్టలో పారేస్తాం. కడిగిన గిన్నెను ఉత్తదిగానే తిరిగి ఇస్తాం. అవి దేవుడి ముందు పెట్టినవో, పిల్లల కోసం పొయ్యి మీద నుంచి దించినవో అడిగింది కూడా లేదు. పండగ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని, చారెడు చక్కెరైనా వేసి పంపాలని చెప్పే అవ్వలు మన సంఘాల్లోనే ఉన్నారు. ఆ మాట వినేవాళ్ళే తక్కువయ్యారు.

ధర్మవరంలో గోడకు గోడ ఆనుకుని ఇళ్ళుంటాయి, ఒక ఇంటి మగ్గం చప్పుడు ఇంకో ఇంట్లో వినిపిస్తుంది. అలాంటి చోట మూసిన తలుపు వెనక ఏం జరిగిందో తెలియకుండా ఉంటుందా? పెనుకొండలో బాబయ్య దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్తారు. అక్కడ మొక్కడం మన విశ్వాసం కాదు, మనం వెళ్ళం. ఆ సంగతి ఎదుటివారికి నెమ్మదిగా చెబితే అర్థం చేసుకుంటారు. పౌలు కొరింథీయులకు రాసింది కూడా అదే పద్ధతి: అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, వడ్డించింది ప్రశ్నలు వేయకుండా తిను, ఇది విగ్రహానికి అర్పించినది అని ఎవరైనా చెబితే, చెప్పినవాని మనస్సాక్షి కోసం మానుకో. ముఖం మీదే సున్నితంగా 'ఇది మేము తీసుకోమమ్మా' అనడానికి అందులో చోటుంది. తీసుకుని పారేయడానికి లేదు.

మళ్ళీ రూతు కథకు వస్తే, బెత్లెహేములో కరువొచ్చింది. ఎలీమెలెకు పెళ్ళాం బిడ్డలను తీసుకుని ఎక్కడికి పోయాడు? మోయాబుకే. వెనుకటి తరాలకు నీళ్ళివ్వని దేశం ఈ కుటుంబానికి ఇంచుమించు పదేళ్ళు కూడు పెట్టింది, కోడళ్ళనిచ్చింది. కరువుకు ఊరు విడిచి పోవడమంటే ఏమిటో ఈ సీమకు బాగా తెలుసు. 1876 నుంచి 78 దాకా సాగిన ధాత కరువు మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ రోజుకీ ధర్మవరంలో రైలెక్కి, పెనుకొండ, హిందూపురం దాటి, గౌరీబిదనూరు మీదుగా బెంగళూరు పనులకు వెళ్ళేవాళ్ళున్నారు. అక్కడ మనవాళ్ళకు మొదటి పూట అన్నం పెట్టినవారు ఏ దేవుణ్ణి కొలిచేవారో మనం అడిగామా? ఇప్పుడు ఎర్రమంచిలో కియా కార్ల కంపెనీ వచ్చాక దూరపు రాష్ట్రాలవాళ్ళే పని వెతుక్కుంటూ పెనుకొండ వైపు వస్తున్నారు. అద్దె ఇల్లు అడిగితే ముందు కులం, మతం కనుక్కునే ఇళ్ళవాళ్ళలో విశ్వాసులూ ఉన్నారు. ఆదివారం వచ్చేసరికి మోయాబు కఠినత్వం మీద ఆమెన్ అనేది కూడా వాళ్ళే.

దావీదు సౌలుకు భయపడి పారిపోతూ ముసలి తల్లిదండ్రులను ఎవరి దగ్గర దాచాడు? మోయాబు రాజు దగ్గర. అదే దావీదు తర్వాత మోయాబును నిర్దాక్షిణ్యంగా కొట్టాడు. ఈ రెండూ ఒకే బైబిల్లో ఉన్నాయి. కెమోషు విషయంలో మోయాబు సిగ్గుపడుతుందని ప్రవచించిన యిర్మీయా, ఇశ్రాయేలు కూడా తన సొంత బేతేలు విషయంలో అలాగే సిగ్గుపడిందని ఆ వచనంలోనే అంటాడు. ఆ అధ్యాయంలోనే మోయాబు కోసం గుండె పిల్లనగ్రోవిలా మూలుగుతోందనీ అంటాడు. మోయాబు మీద తీర్పు చెబుతూ కన్నీరు పెట్టని ప్రసంగం యిర్మీయా ప్రసంగం కాదు.

రూతు రెండో అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉంది. పరిగె ఏరుకుంటున్న ఆమెను ఆ పొలం యజమాని బోయజు భోజనానికి పిలిచి పేలాలు అందించాడు. తృప్తిగా తిని, కొంత మిగిల్చుకుంది. పొద్దుగూకేదాకా ఏరి, దుల్లగొట్టిన యవలతో పాటు ఆ మిగిల్చినది కూడా ఇంటికి తెచ్చి ఆకలితో ఉన్న అత్త చేతిలో పెట్టింది. మోయాబు ఇశ్రాయేలుకు ఏ అన్నం పెట్టలేదని ధర్మశాస్త్రం పది తరాలు గుర్తు పెట్టుకుందో, ఆ అన్నమే ఒక మోయాబు పిల్ల చేతుల్లో బెత్లెహేముకు వచ్చింది. ఆమె కన్న ఓబేదుకు పేరు పెట్టింది కూడా ఇరుగుపొరుగు ఆడవాళ్ళే.

ఈసారి కోత పండుగకు కమిటీ పెద్దలను ఒకటి అడుగుతున్నాను. వేలం మొదలుపెట్టకముందే రెండు వేరుశెనగ మూటలు, కాస్త చింతపండు, రాగులు పక్కకు తీయండి. చర్చి గోడకు ఆనుకుని ఉన్న ఇళ్ళన్నిటికీ పంచండి. ఏ ఇల్లు ఎవరిదని చూడకండి. సంచిలో కరపత్రం పెట్టకండి. పాస్టరుగారే స్వయంగా మోసుకెళ్తే మరీ మంచిది.