రెండో మనిషి

బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయం, నాలుగో బ్రాహ్మణం. సృష్టికి ముందున్న ఒకే ఒక్కడు చుట్టూ చూస్తాడు. తాను తప్ప ఎవరూ కనపడరు. భయపడతాడు. ఒంటరిగా ఉన్నవాడికి నేటికీ భయం వేసేది అందుకేనని అక్కడే ఉంది. కాసేపటికి ఆయనే ఆలోచించుకుంటాడు: నేను తప్ప ఇంకొకరు లేనేలేరు కదా, మరి దేన్ని చూసి భయపడుతున్నట్టు? అంతటితో భయం పోతుంది. భయమనేది రెండోదాని వల్లే కలుగుతుందని ఆ ఘట్టానికి ముక్తాయింపు. ప్రవచనాల్లో ఇక్కడ చప్పట్లు పడతాయి, చెప్పేవారు మంచినీళ్ళు తాగుతారు. ఉపనిషత్తు మాత్రం ఆగలేదు. మరుక్షణమే అంటుంది, ఆయనకేమీ బాగోలేదని. ఒంటరిగా ఉన్నవాడికి సంతోషం లేనిది ఇందుకేనని. రెండోవాళ్ళు కావాలని కోరుకున్నాడు. ఆ కోరికలోంచే ఆడా మగా, ఆవులూ గుర్రాలూ మేకలూ, చివరికి చీమల దాకా వచ్చాయి.

భయం తీరిన చోటే బెంగ మొదలైందన్నమాట. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నా కలిపి చదివేవాళ్ళు తక్కువ. అద్వైతం ఇష్టమైనవాళ్ళకి మొదటిది చాలు, సంసారం ఇష్టమైనవాళ్ళకి రెండోది చాలు. యూటా ఎడారిలో గ్రీన్ రివర్ మీద కయాక్ వేసుకుని ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు నా బుర్రలో తిరిగింది ఈ రెండే. దీని అంతు తేల్చడానికే వెళ్ళానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, వెళ్ళింది సెలవు దొరికింది గనక, మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి గనక.

నది పేరే పెట్టుకున్న గ్రీన్ రివర్ ఊరి దగ్గర పడవ దింపితే, కొలరాడో నదిలో కలిసే చోటికి 120 మైళ్ళు. కొంత దూరం పొలాలూ బోడి దిబ్బలూ ఉంటాయి. తరవాత రెండు వైపులా రాతిగోడలు లేస్తాయి. పైభాగం లాబిరింత్ కాన్యన్, కిందిది స్టిల్‌వాటర్ కాన్యన్. ఈ పేర్లు పెట్టింది జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి, 1869లో తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని నాలుగు పడవల్లో ఈ దారినే వెళ్ళాడు. నీరు ఇక్కడ నెమ్మదస్తురాలు. సంగమం దాటాక కేటరాక్ట్ కాన్యన్‌లో గానీ దాని అసలు కోపం బయటపడదు. సంగమం దగ్గర రోడ్డు లేదు, కనక నాలాంటివాళ్ళు ముందే మాట్లాడుకున్న జెట్ బోటు ఎక్కి కొలరాడోకి ఎదురీది మోయబ్ వైపు బయటపడతారు.

"ఒక్కత్తివీ ఏమిటే అమ్మడూ? అంత సరదాగా ఉంటే పాపికొండలకి లాంచీలో వెళ్ళొచ్చు కదా," అన్నారు మామయ్య. మా చిన్న మేనమామ కొవ్వూరులో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. నాకు శనివారం రాత్రి, ఆయనకి ఆదివారం పొద్దున, ఫోన్లో శాంకరభాష్యం పాఠం. మేము అప్పుడు ఆ నాలుగో బ్రాహ్మణంలోనే ఉన్నాం.

ఏకాంతం కావాలంటే మొదట దరఖాస్తు పెట్టుకోవాలి. లాబిరింత్‌కి ఒక అనుమతి. స్టిల్‌వాటర్ నేషనల్ పార్కులో ఉంది గనక దానికి వేరే. బృందంలో ఎంతమంది అని ఒక గడి. ఒకటి అని రాశాను. ఆపదొస్తే ఎవరికి చెప్పాలి అని ఇంకో గడి. అక్కడ రెండోవారి పేరు రాయక తప్పలేదు. ఇక సామాను: లైఫ్ జాకెట్, మంట వేస్తే దాని కింద పెట్టాల్సిన పళ్ళెం, బూడిద తిరిగి తెచ్చుకోవడానికి డబ్బా. మన మలం కూడా మనమే మూట గట్టి వెనక్కి తేవాలి. దానికి గట్టి మూత ఉన్న బకెట్టు ఒకటి, కయాక్ వెనక భాగంలో, బియ్యం సంచీకి వీలైనంత దూరంగా. మడి, ఆచారం అంటూ పెరిగిన ఇంట్లోంచి వచ్చినదాన్ని. తాళ్ళు బిగిస్తూ, మా అమ్మమ్మ చూస్తే స్నానం ఎన్నిసార్లు చేయించేదో అనుకున్నాను. అడవికి వెళ్ళిన ఋషుల కథల్లో ఈ అధ్యాయం ఎవరూ రాయలేదు.

నీళ్ళ సంగతీ చెప్పాలి. చుట్టూ నదే, తాగడానికి చుక్క ఉండదు. నీరు పాలెక్కువైన టీ రంగులో ఉంటుంది. తిన్నగా ఫిల్టర్లో పోస్తే ఆ బురదకి ఫిల్టర్ నిమిషాల్లో మూసుకుపోతుంది. కొందరు తాగే నీళ్ళన్నీ మోసుకెళ్తారు. నేను సగం మోసి, సగం నదిని నమ్ముకున్నాను. సాయంత్రం ఇంకో బకెట్టు నింపి, పటిక ముక్క వేలితో పట్టుకుని నీళ్ళలో నాలుగు చుట్లు తిప్పి వదిలేసేదాన్ని. గోదావరి వరదనీళ్ళకి మా ఇంట్లో బిందెలో తిప్పినట్టే. ముందు బురద పాలవిరుగుడులా చిన్నచిన్న తునకలు కడుతుంది. అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిదానంగా దిగుతాయి. తెల్లారేసరికి అడుగున నాలుగు వేళ్ళ మందాన ఎర్రటి మెత్తని మట్టి, పైన తేట. కదపకుండా వంచుకోవాలి, చెయ్యి వణికితే మళ్ళీ మొదటికే. నేనూ నీళ్ళ లెక్కలు కట్టి బతికే ఇంజనీర్నే. ఆ బకెట్టు ముందు కూచున్నంత సేపు ఏ ప్రాజెక్టు ముందూ కూచోలేదు.

మొదటి రాత్రి భయం వేసింది. సెప్టెంబరు చివర నది తగ్గి ఇసుకమేటలు బయటపడతాయి, గుడారం వాటిమీదే. చీకటి పడ్డాక ఎక్కడో నీళ్ళలో దభీమని చప్పుడు. గోడ మీంచి బండ జారిందనుకున్నాను. కాదు, బీవర్ తోకతో నీటిని చరుస్తోంది. సంగతి తెలిశాక కూడా ప్రతి చరుపుకీ గుండె జారింది. తెల్లవారుజామున మాత్రం ఒకటి తట్టింది. నేను భయపడుతున్నది బీవర్‌కీ చీకటికీ కాదు. ఈ మలుపులో నేను తప్ప మనిషి లేడు గదా అనుకున్నప్పుడల్లా గుండె నెమ్మదించింది. ఎవరైనా ఉంటేనో అనుకున్నప్పుడల్లా పరిగెత్తింది. ఉపనిషత్తులో ఆయన చేసుకున్న విచారణే, ఇంకాస్త నాసిరకంగా.

ఆ ఎవరైనా వచ్చాడు కూడా. ఒక సాయంత్రం, ఎండ ఎదుటి గోడ అంచుకి ఎక్కేసిన వేళ, మలుపు తిరిగి అల్యూమినియం కనూ ఒకటి కనపడింది. అందులో ఒక్కడే. తెల్లగడ్డం, వెడల్పు టోపీ. దూరం నుంచే తెడ్డు పైకెత్తి, ఈ మేట కింది కొసన గుడారం వేసుకోవచ్చా, పైవన్నీ తడిగా ఉన్నాయి అని కేకేశాడు. మర్యాదస్తుడే. వేసుకోండి అన్నాను. ఆ వెంటనే, అతను అడగకుండానే, "మావాళ్ళు వెనకాల వస్తున్నారు," అని కూడా అన్నాను. తెలుగింటి ఆడపిల్లలకి రైలు ప్రయాణాల్లో చిన్నప్పుడే నేర్పే అబద్ధం అది. రెండోవాడి భయానికి మూడోవాళ్ళని కల్పించుకోవడం.

ఆ రాత్రి తెడ్డు పక్కలో పెట్టుకుని పడుకున్నాను. అతనేమో దీపం ఆర్పేసి ఎప్పుడో నిద్రపోయాడు. నేను లేచేసరికే వెళ్ళిపోయాడు, ఇసుకలో పడవ లాగిన గాడి తప్ప ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ హమ్మయ్య వెనకాలే కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. పొద్దున్నే ఒక పలకరింపైనా లేకుండా పోతాడా అని.

ఉపనిషత్తు చెప్పిన రెండో వస్తువంటే వేదాంతులు భేదబుద్ధి అంటారు, అవిద్య అంటారు. ఆడవాళ్ళకి అంత లోతుకి వెళ్ళకముందే ఆ వాక్యం అర్థమవుతుంది. నిర్మానుష్యమైన వీధి కన్నా, నిర్మానుష్యమైన వీధిలో ఒక్క మగవాడు ఎక్కువ భయం. ఆ మాటకొస్తే మగవాళ్ళకీ మినహాయింపు లేదు. పావెల్ బృందంలో ముగ్గురు, ముందున్న నీటిని చూసి ఇక మావల్ల కాదని, 1869 ఆగస్టు 28న గ్రాండ్ కాన్యన్‌లో విడిపోయి గోడలెక్కి మనుషులున్న వైపు నడిచారు. ఆ మనుషుల చేతుల్లోనే చచ్చిపోయారు. చంపింది స్థానిక పైయూట్ తెగవాళ్ళా, మోర్మన్లా అన్నది ఈనాటికీ తేలని వాదం. ఏ నదికి జడిసి పోయారో ఆ నదిలోంచే మిగిలినవాళ్ళు రెండు రోజులకి క్షేమంగా బయటపడ్డారు.

భయం ఏదో ఒక పూట పోయింది. ఏ పూటో గుర్తులేదు. వంద అడుగుల ఎర్రగోడ మీద నల్లటి చారలు, దాని కింద నీడలో మన నారాయణ పక్షికి దగ్గరి చుట్టం ఒకటి ఒంటికాలి మీద. తెడ్డు ఆపితే బురద రేణువులు పడవ అడుగుకి రాసుకుంటూ సుయ్యిమంటాయి, మూకుట్లో నూనె కాగుతున్నట్టు. మధ్యాహ్నం అయ్యేసరికి ఎదురుగాలి. అప్పుడు ప్రవాహాన్ని నమ్ముకుంటే పడవ వెనక్కి పోతుంది, వంగి లాగాల్సిందే. భుజాలు నొప్పెట్టేవి. భయం మాత్రం లేదు.

సంతోషమూ లేదు. ఇది చెప్పాలంటే కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే అందం కరువై కాదు. బోనాట్ బెండ్ అనే చోట నది దాదాపు ఏడు మైళ్ళు చుట్టి, బయల్దేరిన చోటికే పక్కకి వస్తుంది. మధ్యలో సన్నటి రాతి మెడ. దానిమీదికి ఎక్కితే ఇటు చూసినా అటు చూసినా అదే నది: ఇందాక మనం వచ్చినది ఒక పక్క, ఇంకా వెళ్ళాల్సినది ఒక పక్క. పైకి చేరగానే నా నోటినుంచి వచ్చిన మాట "చూశావా!" ఎవర్ని అడిగానో నాకే తెలీదు. అక్కడ ఎవరూ లేరని తెలిసీ నోరు అడిగింది. దేవుణ్ణి అడిగానని సర్దిచెప్పుకోవచ్చు. కానీ చూశావా అని మనం అడిగేది ఇంతకు ముందు చూడనివాళ్ళని. అన్నీ చూసేవాణ్ణి అలా అడగడం కుదరదు.

ఇంకా కిందికి, హెల్ రోరింగ్ కాన్యన్ దగ్గర రాతి మీద డెనిస్ జూలియన్ అనే బొచ్చు వేటగాడు తన పేరు చెక్కుకున్నాడు, 1836 మే 3 తేదీతో సహా. పక్కన పడవ బొమ్మ. పావెల్ కన్నా ముప్పైమూడేళ్ళు ముందు. ఇక్కడి నియమాలూ నా సంస్కారమూ రాళ్ళమీద గీతలు ఒప్పుకోవు. అయినా ఆ చెక్కుడు ముందు నాకు కోపం రాలేదు. చదివేవాడు వస్తాడో రాడో తెలియని గోడ మీద, చేతులు నొచ్చేలా, తేదీ కూడా వేసి రాశాడంటే అతను నా "చూశావా"నే రాతిలో అడిగాడు.

ఎడారి అంటే ఈజిప్టు సన్యాసి ఆంటొనీ గుర్తుకు రాక మానడు. పాడుబడ్డ కోటలో ఇరవై ఏళ్ళ దాకా తలుపు మూసుకుని కూచున్నాడని ఆయన చరిత్ర రాసిన అథనేసియస్ చెప్తాడు. బయటున్నవాళ్ళకి లోపల గుంపులు గుంపులుగా దయ్యాలు అరిచినట్టు వినిపించేదట. మనుషుల్ని వదిలేస్తే మనసు ఊరుకోదు, దయ్యాల్నైనా పిలుచుకుంటుంది. చివరికి తలుపు పగలగొట్టి తీసుకొస్తే ఆరోగ్యంగా, ప్రశాంతంగా ఉన్నాడు. అది నేను నమ్ముతాను. ఆ తరవాత ఆ ఎడారంతా శిష్యుల మఠాలతో నిండిపోయింది. అది ఇంకా బాగా నమ్ముతాను.

గీత పదమూడో అధ్యాయం విజనప్రదేశంలో ఉండటాన్ని, జనసమూహం మీద ఇష్టం లేకపోవడాన్ని జ్ఞానలక్షణాల్లో చేర్చింది. సరే. కానీ జనసమూహం వేరు, రెండో మనిషి వేరు. గుంపు వద్దనేవాడికి కూడా పక్కన ఒకరు కావాలేమో. శంకరులు మాత్రం ఇక్కడ నిక్కచ్చి. ఆ ఒక్కడు, అంటే ప్రజాపతి, భయపడ్డాడు, కనక ఆ పదవీ సంసారంలోదే. ఒంటరిగా ఆనందించలేకపోయాడు, కనక అందుకు ఇది మరో సాక్ష్యం అంటారు భాష్యంలో. అంటే భయమూ, తోడు లేని వెలితీ ఒకే రోగానికి రెండు లక్షణాలు. ఒకే మందుకి రెండూ పోవాలి.

తిరిగొచ్చాక పాఠంలో నా అభ్యంతరం అదే. మామయ్యా, నాకు ఒకటి పోయింది, రెండోది పోలేదు. ఎవరూ లేరన్న ఆలోచన భయానికి మందైతే, అదే ఆలోచన వెలితికి విషం. రెండూ ఒకటే రోగమైతే అలా ఎందుకు జరుగుతుంది? పైగా వెలితి రోగమే అయితే, ఆవూ గుర్రం చీమా మనమూ అందరం ఆ రోగం బిడ్డలం. సృష్టికర్తకి ఆ వెలితి లేకపోతే ఈ ఉపనిషత్తు చదవడానికి ఎవరుండేవారు?

మామయ్య తొందరపడే మనిషి కాదు. కాసేపాగి అన్నారు: "నీది ఏకాంతమే కాదే అమ్మడూ. ఫలానా రోజుకి బోటు వస్తుందని డబ్బు కట్టి మరీ వెళ్ళావు. ప్రజాపతికి జెట్ బోటు రిజర్వేషన్ లేదు. నీ భయం విచారణ వల్ల పోయిందో, రసీదు వల్ల పోయిందో ముందు తేల్చుకో."

దెబ్బ గట్టిగానే తగిలింది. నిజమే, ఆ రసీదు నీళ్ళు తగలకుండా రెండు కవర్లలో పెట్టి గుండె మీది జేబులో దాచుకున్నాను. బోటు వచ్చినప్పుడు, అందులో ఎక్కిన ముక్కూ మొహం తెలియని పదిమందితో ఇంజను రొదలో కూడా ఆపకుండా వాగాను.

"భయం సంగతి మీరన్నట్టే అనుకుందాం, రసీదు వల్లే పోయిందనుకుందాం. మరి ఆ రసీదు జేబులో ఉండగానే రోజూ సాయంత్రం ఉప్మా ఒక్కదాన్నే తినబుద్ధి కాలేదే, దానికేమంటారు?"

ఉప్మాలో ఏం వేశావని అడిగారు. ఎండు కరివేపాకు, జీడిపప్పు అన్నాను. జీడిపప్పు వేసీ తినబుద్ధి కాలేదంటే ఆలోచించాల్సిందేనని, భాష్యం మీది ఆనందగిరి టీక తీసి చూసి వచ్చే వారం చెప్తానన్నారు.