చెరువు పుణ్యం ఎవరిది?

కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు పెద్ద చెరువు కట్టించి, 1369లో ఆ సంగతి సంస్కృత శ్లోకాల్లో రాతి మీద చెక్కించాడు. ఆ శాసనం జలదానం ఎంత గొప్పదో చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ లెక్కపెడుతుంది. మధ్యలో పని లెక్క కూడా ఉంది: రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల కాలం. పుణ్యం రాజకుమారుడి ఖాతాలో పడింది. వెయ్యిమంది అంకెగా మిగిలారు.

సప్తసంతానాల్లో కొడుకుతో పాటు చెరువునూ చేర్చిన సంప్రదాయం మనది. గుడి, తోట, అగ్రహారం, కావ్యం, నిధి తక్కినవి. వీటిలో సొమ్ము పెట్టినవాడే ధర్మకర్త. పార పట్టినవాడికి కూలి ముట్టింది కాబట్టి లెక్క తీరిపోయిందనుకున్నారు. నిజంగా తీరిందా? చేసినవాడికి, చేయించినవాడికి, ప్రేరేపించినవాడికి, సరేనన్నవాడికి పుణ్యపాపాల్లో సమాన వాటా అని పెద్దలు ఎన్నడో చెప్పారు. ఆ వరసలో మొట్టమొదట ఉన్నవాడు చేసినవాడు. పాపం పంచాల్సి వచ్చినప్పుడు అందరికీ గుర్తొచ్చే ఈ మాట, పుణ్యం పంచేటప్పుడు ఎక్కువమందికి గుర్తు రాలేదు.

గుర్తు పెట్టుకున్నవాళ్లు పన్నెండో శతాబ్దపు కన్నడ శివభక్తులు, శివశరణులు. వాళ్లలో ఆయ్దక్కి మారయ్య కళ్యాణ నగరంలో నేలరాలిన బియ్యపు గింజలు ఏరుకొచ్చి, వాటితోనే జంగములకు, అంటే తిరుగాడే శైవ సాధువులకు, అన్నం పెట్టేవాడు. అదే అతని కాయకం, అంటే పూజగా చేసే పని. ఒకరోజు మామూలు కంటే ఎక్కువ గింజలు దొరికాయి. భార్య లక్కమ్మ ఆ మూట చూసి, ఎక్కడివక్కడ పోసి రమ్మంది. అవసరానికి మించి తెచ్చినది శివుడికి పెట్టడానికీ పనికిరాదని ఆమె పట్టు. పూట గడవడమే కష్టమైన ఇంట్లో ఆ పట్టు చిన్నది కాదు. పేదవాడు చెయ్యి చాచేవాడే గాని ధర్మం చేసేవాడు కాడన్న నమ్మకాన్ని ఆ ఒక్క ఇల్లాలు కొట్టిపారేసింది.

అయితే పనిని గౌరవించడం వేరు, ఆకలిగొన్నవాణ్ని పనితో పరీక్షించడం వేరు. ఈ తేడా చెరిపేస్తే ఏమవుతుందో 1876-78 నాటి ధాత కరువు చూపించింది. 1877లో వైస్రాయ్ తరఫున మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రోజంతా ఒళ్లు వంచిన మనిషికి ఒక్క పౌను ధాన్యం, కాస్త చిల్లర చాలన్నాడు. పౌను అంటే అర కిలోకు తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కొలత అని పోట్లాడాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు గాని అప్పటికే పనిచోట్ల నుంచి శవాలు లేచాయి. మద్రాసు నగరంలోని బకింగ్‌హాం కాలువ భాగం ఆ కరువు పనుల్లో తవ్వించిందే. అక్కడ పని ఆసరా కాదు; నువ్వు నిజంగా ఆకలితో ఉన్నావా అని అడిగే ప్రశ్న.

2005 ఉపాధి హామీ చట్టం ఆ ప్రశ్నను తిరగేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. ఇంటికి ఏడాదికి నూరు రోజుల పని అడిగే హక్కు కూలీదైంది. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇచ్చుకోవాల్సింది సర్కారు. సంజాయిషీ చెప్పాల్సినవాడు మారాడు. ధర్మశాస్త్రం చేయలేని పని ఈ చట్టం చేసిందని చెప్పడానికి సంకోచం అక్కర్లేదు.

వేసవిలో ఏ ఊరి చెరువుకైనా వెళ్తే కనిపించే దృశ్యం ఇది. ఎండకు బీటలు వారిన పూడికలో గుంటలు, గుంట మధ్య తవ్వకుండా వదిలిన మట్టి దిమ్మె. ఎంత లోతు తవ్వారో ఆ దిమ్మెను బట్టే కొలుస్తారు, కొలతను బట్టే కూలి. గడ్డపారతో ఒకరు పెకలిస్తుంటే మరొకరు తట్టకెత్తుతారు, ఇంకొకరు గట్టు మీదికి మోస్తారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. తవ్వుతున్న చెరువు కింద వాళ్లలో చాలామందికి సెంటు భూమి కూడా ఉండదు. నీళ్లు నిండితే పండేది ఎవరి పొలమో వాళ్లకు తెలుసు.

మరి తట్ట ఎత్తలేని మనిషి మాటేమిటి? ఏ పథకం ధర్మం ఎంతో తేలేది అక్కడే. పనిచోట ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలనీ, ఆమెకూ మామూలు కూలి ఇవ్వాలనీ 2005 చట్టంలోనే ఉంది. వయసు పైబడినవాళ్లకు, వికలాంగులకు మంచినీళ్లు అందించడం లాంటి పనులు ఒప్పజెప్పవచ్చు. చెట్టు నీడన పసివాడికి ఉయ్యాల ఊపే చెయ్యి, గడ్డపార పట్టిన చెయ్యి మస్టరులో పక్కపక్కన సమానంగా ఉండడం వేదాంతమే. అది చాలాచోట్ల కాగితం దాటలేదన్నది కడుపు మండే సంగతి. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చి పని రోజులను 125కి పెంచింది. సాగు ముమ్మరంగా ఉన్న రోజుల్లో మొత్తం అరవై రోజులు పనులు ఆపాలని కూడా అంది. భూమి లేని ముసలివాళ్లను పొలం పనికి పిలిచేవారెవరో ఆ అరవై రోజులను లెక్కగట్టినవాళ్లు చెప్పాలి.

చివరికి అంతా కూలి దగ్గరికే వస్తుంది. కష్టజీవి కూలి పొద్దుగూకక ముందే ఇచ్చెయ్యాలని బైబిలు ద్వితీయోపదేశకాండం ఆదేశం. చెమట ఆరక ముందే ఇవ్వాలని మహమ్మద్ ప్రవక్త మాటగా ముస్లింలు చెప్పుకుంటారు. 2005 ఉపాధి హామీ చట్టం కింద గడువు పదిహేను రోజులు. అది దాటితే ఆలస్యానికి పరిహారం రోజుకు 0.05 శాతంగా కట్టారు. మూడు వేలు రావాల్సిన మనిషికి రోజుకు రూపాయిన్నర. అంగట్లో అప్పు పెట్టి ఉప్పూ పప్పూ తెచ్చుకున్న ఇంటికి ఆ రూపాయిన్నరతో ఒక పూట టీనీళ్లు కూడా రావు.