'చికెన్ అవుట్' అను మాట

మణికొండ నుండి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ కార్యాలయములకు వెళ్లు మన యౌవనస్థుల నోట ఈ ఇంగ్లీషు మాట వినబడుచుండును. ఒక పనికి సరేనని, తీరా వేళ వచ్చినప్పుడు భయపడి తప్పుకొన్నవాడు 'చికెన్ అవుట్' అయినాడట. ఇంగ్లీషువారికి కోడి పిరికితనమునకు గుర్తు. మనకు పిల్లి. పల్నాటి కథలో కోడిపందెమునందు ఓడియే గదా మాచర్లవారు ఏడేండ్లు ఊరు విడిచిరి! (పందెములను మెచ్చి చెప్పుట లేదు.)

ఈ మాట భయమును మాత్రమే చూచును. మనుష్యుడు దేనినుండి తప్పుకొనెనో చూడదు. దొంగ అనుభవ పత్రముతో ఉద్యోగము సంపాదింపదలచి, దానిని దాఖలు చేయవలసిన దినమున చెయ్యి వణకి మానుకొన్న పిల్లవానిని తోటివారు ఈ మాటతోనే ఎగతాళి చేయుదురు. వాడు పిరికివాడా? వణకించినది మనస్సాక్షియా, పట్టుబడుదునను భయమా అని అడుగవచ్చును. బహుశా రెండును. భయముగా మొదలైనది మనస్సాక్షిగా పండుట మనము చూడలేదా? పోతీఫరు ఇంటినుండి యోసేపు వస్త్రము విడిచి పారిపోయెను (ఆది. 39:12). ఆ ఇంటివారి లెక్కలో అతడేమి వీరుడు?

నిజమైన పిరికితనము ప్రధానయాజకుని ముంగిట చలిమంట యొద్ద కనబడినది. పేతురును వెనుదీయించినది కత్తి కాదు, ఒక పనికత్తె మాట. ఆ రాత్రి వేళ తప్పక తన పని చేసినది కోడియే! నలుగురు ఏమందురో అను భయమే అతని నోట అబద్ధము పలికించినది. ఆ భయమునే మన పిల్లలు ఒకరిమీద ఒకరు ప్రయోగించుచున్నారు.

గిద్యోను యొద్దకు 32,000 మంది వచ్చిరి. భయపడువారు వెళ్లవచ్చునని చాటింపగా 22,000 మంది తిరిగి పోయిరి (న్యాయా. 7:3). వారిని ఎవరును నిందించినట్లు వ్రాయబడలేదు. ధర్మశాస్త్రమే అట్టివానిని ఇంటికి పొమ్మన్నది, అతని అధైర్యము సహోదరులకు అంటకుండునట్లు (ద్వితీ. 20:8). భయమును దాచుకొని నిలుచువానికంటె చెప్పి వెళ్లువాడే సైన్యమునకు మేలు చేసినవాడు.

అయితే వెళ్లినవాడు మరల వచ్చినయెడల? మార్కు పెర్గేలో పౌలును విడిచి యెరూషలేమునకు మరలెను. తరువాతి ప్రయాణమునకు అతనిని తీసికొనిపోవుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబాతో తీవ్రమైన వాదము కలిగి విడిపోయిరి కూడ. బర్నబా మార్కును వెంటబెట్టుకొని ఓడ యెక్కెను. ఏండ్లు గడచిన పిమ్మట, బంధకములలో ఉన్న పౌలు తిమోతికి వ్రాయుచు, మార్కు పరిచర్యకు పనికివచ్చువాడని చెప్పి, అతనిని తోడుకొని రమ్మని కోరెను (2 తిమోతి 4:11).