కింది రెక్కలు

అమలాపురం దగ్గర మా ఊళ్ళో అమ్మ ఉంటున్న ఇంటికి ఆరు కిటికీలు. ఒక్కోదానికి నాలుగేసి టేకు రెక్కలు: పైన రెండు, కింద రెండు. గాలి కోసం పైవి తెరిచేవారు. లోపలి ఆడవాళ్ళు వీధికి కనబడకూడదని కిందివి మూసేసేవారు. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ కింది గడియ తీసిన గుర్తు లేదు నాకు. నా పిహెచ్‌డిలో కిటికీ మీద ఓ అధ్యాయమే ఉంది. అందుకే కాబోలు, అమ్మ వాటిని పీకించేస్తానంటే నా ప్రాణం ఉసూరుమంది.

"నీకది అధ్యాయమే. నాకు ఇరవైనాలుగు రెక్కలు" అంది అమ్మ.

వానాకాలం చెక్క ఉబ్బి రెక్క పడదు. ఎండాకాలం సందులిస్తుంది. ఆ సందుల్లో కాగితాలు మడిచి కుక్కేదీ, జల్లు కొడితే నేల తుడిచేదీ, చువ్వల తుప్పు గీకించి రంగు వేయించేదీ, చెదలకి మందు కొట్టించేదీ అమ్మే. 1996 నవంబరు తుపాను రాత్రి ఓ కిటికీ గడియ ఊడిపోతే, తెల్లవార్లూ వీపు ఆనించి నిలబడింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నా అధ్యాయంలో ఆ రాత్రి లేదు.

యూపీవీసీ స్లైడింగ్ కిటికీకి దోమల మెష్‌తో కలిపి చదరపు అడుగు 750 అన్నారు. నాలుగడుగుల కిటికీలు ఆరంటే 96 అడుగులు, 72,000. అక్కడితో అవదు. పాత చట్రం గోడలో కలిసిపోయి ఉంది, పీకితే పెళ్ళలు ఊడతాయి. తాపీమేస్త్రీ, సిమెంటు, రంగులు కలిపి మరో 40,000. అంతా అమ్మ ఫ్యామిలీ పెన్షన్‌లో దాచుకున్నదే. ఇల్లూ ఆమె పేరు మీదే. అయినా వడ్రంగి "బాబుగారేమన్నారండీ?" అని మూడుసార్లు అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. తమ్ముడి అనుమతి ఎందుకట?

మరి నేను చేస్తున్నదేమిటి? నా వాదనలో నిజం లేకపోలేదు. రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, స్లైడింగ్‌ది సగమే. టేకుకి చిత్రిక పట్టించి బందులు మారిస్తే ఇంకో తరం వస్తుంది. కానీ ఆ పట్టించేదెవరు, పనివాళ్ళ వెంట తిరిగేదెవరు? ఏడాదికి రెండుసార్లు వచ్చి ఫొటోలు తీసుకునే నేను, నేను చెయ్యని చాకిరీకి వారసత్వమని పేరు పెట్టి, నువ్వు మొయ్యి అని ఆమెకెలా చెప్పను?

కిటికీలు మారాయి. పాత రెక్కలు ఓ జత తీసుకెళ్ళమంది అమ్మ. హైదరాబాదు ఫ్లాట్లో అవి ఆన్చడానికి గోడ లేదు.

దసరాకి వెళ్ళి చూస్తే, కొత్త అద్దాల కింది సగానికంతా బయటివాళ్ళకి లోపల కనబడని కాగితం అంటించి ఉంది.

"మళ్ళీ మూసేశావా అమ్మా?"

"మధ్యాహ్నం నైటీలో నడుం వాలుస్తాను. వీధి అంతా చూడాలా ఏంటే?"

నాయనమ్మ మూయించినదీ ఇదీ ఒకటి కాదని నాకు తోచింది. ఎందుకు కాదో అమ్మకి చెప్పబోయి ఆగాను. ఆమె అప్పటికే కాగితం అంటించిన కుర్రాడికి ఫోన్ చేసి, వంటింటి అద్దం మూల బుడగలు వచ్చాయనీ, వచ్చి సరిచేస్తేనే మిగతా డబ్బిస్తాననీ చెబుతోంది.