ఎదుట లేని నాయకుడు: చీరాల-పేరాల నేపథ్యంలో ఒక నైతిక విచారణ

సగం పని కార్యాలయంలోనూ సగం ఇంటివద్దా సాగే హైబ్రిడ్ పనివిధానాన్ని గురించిన నేటి చర్చ చాలావరకు ఒకే అనుమానం చుట్టూ తిరుగుతున్నది: అధికారి కంటబడని మనిషి కొత్తగా ఆలోచిస్తాడా? ఈ ప్రశ్నను తిరగవేసి చూడవలసి ఉన్నది. నాయకుడే కనబడనప్పుడు అతడు కల్పించిన కొత్తదనం నిలుస్తుందా? నిలవకపోతే ఆ నష్టం ఎవరిది?

చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘంగా మార్చడంతో అక్కడి ప్రజలపై, ముఖ్యంగా నేతపనివారిపై, పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. 1921 ఏప్రిల్‌లో అక్కడికి వచ్చిన గాంధీ అహింసాయుతమైన పన్నుల నిరాకరణ, ఊరు విడిచిపోవడం అనే రెండు మార్గాలు సూచించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండవదానిని ఎన్నుకున్నారు. ఊరే లేకపోతే పురపాలక సంఘం ఎవరిని పాలిస్తుంది? ఆ ఆలోచనలోని నవ్యత నేటికీ ఆశ్చర్యం గొలుపుతుంది. ఊరి వెలుపల పాకలతో రామనగరం వెలసింది. వేలాదిమంది ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు అక్కడ నివసించారు. రామదండు క్రమశిక్షణ, గోపాలకృష్ణయ్య వాక్పటిమ వారిని కట్టి ఉంచాయి. బరంపురంలో ఆయన అరెస్టయి ఏడాది శిక్షకు గురైన తరువాత ఆ కట్టు క్రమంగా సడలింది. జనం తిరిగి ఊరు చేరారు.

దీనిని వ్యక్తి ఆకర్షణపై ఆధారపడిన నాయకత్వపు వైఫల్యమని తేల్చివేయడం సులభమే. పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పెదనందిపాడు పన్నుల నిరాకరణను పోలికగా చూపవచ్చు. అక్కడ గ్రామోద్యోగుల రాజీనామాలతో పని ఊరూరా పంచబడింది. 1922లో అది ఆగడానికి అణచివేతతోపాటు పైనుంచి వచ్చిన విరమణ సలహా కూడా కారణం. అయితే ఈ పోలిక సగమే చెబుతుంది.

మిగిలిన సగం చీరాల నేతగాని ఇంటిలో ఉన్నది. గుంటమగ్గమే అతని కార్యశాల. మాస్టర్ వీవర్ నూలూ డిజైనూ ఇస్తాడు. ప్రతి పోగునూ దగ్గరుండి చూడడు. చూడకపోయినా పని సాగుతుంది. కానీ కొత్త డిజైను నేర్చుకొనేటప్పుడు మగ్గం నెమ్మదిస్తే, చీరకింత అని లెక్కగట్టే కూలిలో ఆ నష్టం నేతగానిదే. అటువంటప్పుడు అతడు పాత అంచునే నేస్తే దానిని సోమరితనమనగలమా? కనుక నిఘా ఎంత అన్నది చిన్న ప్రశ్న. తప్పిన ప్రయత్నానికి మూల్యం చెల్లించేది ఎవరన్నదే నైతిక ప్రశ్న. ఇంటివద్ద పనిచేసే నేటి ఉద్యోగి విషయంలోనూ అంతే.

రామనగరంలో ఆ మూల్యాన్ని ప్రజలతోపాటు నాయకుడూ చెల్లించాడు. అయినా ఆయన కారాగారవాసం పాకలలోని కుటుంబాలకు గింజలు సమకూర్చలేదు.