తుపాను వేళ గృహధర్మము

పెనుతుపాను రానున్నదని తెలిసినపుడు గృహస్థుడు ఇల్లు విడిచి పోవలెనా, ఇంటిని అంటిపెట్టుకొని యుండవలెనా? ప్రాణము దక్కించుకొనుట యుక్తమని ఎల్లరును ఒప్పుకొందురు. కాని విచారించిన కొలది ఇందులో మరియొక ప్రశ్న ఇమిడి యున్నట్లు తెలియును. పోగలిగినవాడు పోలేనివానికి ఏమి చేయవలసి యున్నది?

అమెరికా దక్షిణభాగమున మిసిసిపీ నది యొడ్డున న్యూ ఆర్లియన్సు నగరము కలదు. అందు దాదాపు సగము భూమి సముద్రమట్టమునకు దిగువన నుండుటచే కరకట్టలే దానికి రక్ష. 2005 ఆగస్టు 28న కత్రీనా యను హరికేను, అనగా పెనుతుపాను, సమీపించుచుండగా ప్రజలెల్లరు తప్పక నగరము విడువవలెనని మేయరు ఆజ్ఞాపించెను. మరునాడు తుపాను తీరము దాటెను. కరకట్టలు తెగి నగరములో నూటికి 80 పాళ్లు నీట మునిగెను.

ఆజ్ఞ అందరికిని ఒక్కటే. పోవు శక్తి మాత్రము అందరికి ఒక్కటి కాదు. కారు గలవారిలో పెక్కుమంది ముందే బయలుదేరిరి. కారు లేనివారు ఆ నగరమున సుమారు లక్షమంది యుండిరని అంచనా. వేలకొలది జనులు సూపర్‌డోమ్ అను క్రీడామందిరమున తలదాచుకొనిరి. లూసియానా రాష్ట్రమున మృతులలో దాదాపు సగము మంది 75 ఏండ్లు దాటిన వృద్ధులు. కొందరు పెంచిన కుక్కలను, పిల్లులను విడువలేక నిలిచిపోయిరి. వారిని మూర్ఖులని దూరమునుండి నిందించుట సులభము. కాని మంచము దిగలేని తల్లిని విడిచి కదలని కుమారుని ఏమనవలెను? పెంపుడు జంతువులకుకూడ తరలింపు ప్రణాళికలలో చోటుండవలెనని 2006లో ఆ దేశము చట్టము చేసెను. నిలిచినవారిని నిందించుటకంటె ఇది మేలైన మార్గము.

ఇల్లు విడిచినవారికి తరువాతి పరీక్ష వార్తకై ఎదురుచూచుట. టెలిఫోనులు పనిచేయలేదు. కుటుంబములు వేర్వేరు ఊళ్లకు చెదరిపోయెను. జాడ తెలియదని నమోదైన బాలబాలికలు 5 వేలకు పైబడిరి; ఆ విచారణలన్నియు ముగియుటకు 2006 మార్చి వరకు పట్టెను. ఇట్టి నిరీక్షణలో మనస్సు తాను దేనిని తనదిగా ఎంచుచున్నదో తానే బయటపెట్టుకొనును. ఇల్లు నిలిచెనా అని అడుగుట దోషము కాదు. ఏండ్ల కష్టము ఆ గోడలలో నున్నది. కాని పొరుగింటి వృద్ధురాలు ఏమైనదో అను తలంపు వచ్చినపుడు, బయలుదేరు వేళ ఆమె తలుపు తట్టినవాని ఆందోళన వేరు, తట్టక పోయినవాని వేదన వేరు. రెండవవానికి ఏ వార్తయు పూర్తి శాంతి నీయజాలదు.

అట్లని తన బిడ్డలను అపాయమున నుంచి పరులకై నిలువుమని ధర్మము కోరదు. అందరు కలిసి మునుగుట త్యాగము కాదు. బండిలో ఖాళీగా నున్న చోటు ఎవరికీయబడినదని మాత్రము అది అడుగును.

తెలుగువారికి ఈ పాఠము దూరదేశపుది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేల ప్రాణములను బలిగొనెను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను రాకమునుపే ఒడిశా, ఆంధ్ర తీరములనుండి సుమారు 10 లక్షలమంది తరలింపబడిరి; అంతటి తుపానులోను మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. గాలి కరుణించుటచే గాక, ముందు చెప్పుటచేతను, బలహీనులను మోసికొనిపోవుటచేతను ఇది సాధ్యమయ్యెను.

శరణులు స్థావర జంగమముల భేదమును బోధించిరి. ఇల్లు స్థావరము, ఎంత దృఢమైనను ఒకనాడు శిథిలమగును. జంగమమునకు చేయు సేవయే దాసోహము. తుపాను వేళ ఆ సేవకు పంక్తిభోజనము వరకు ఆగనక్కర లేదు. వీధిలో నడువలేనివారెవరు, ఒంటరివారెవరు, మందులపై బ్రతుకువారెవరు అని వానకాలమునకు ముందే గృహస్థులు ఎరిగియుండవలెను. మెట్టపై గట్టి కట్టడము గల మఠములు ఎవరిని ఎచ్చట నుంచవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. హెచ్చరిక వినబడిన పిమ్మట ఇవన్నియు ఆలోచించుటకు వ్యవధి యుండదు.